ఊరి పొలిమేర లోపల: పొలాల పేర్లు, పాత రాళ్లు నమోదు చేసే పద్ధతి

రెవెన్యూ గ్రామం అంటే ఇళ్లున్న ఊరొక్కటే కాదు. పొలిమేర లోపలి చేలు, వంకలు, కుంటలు, తిప్పలు, డొంకలు, పాడుబడ్డ కొట్టాలు అన్నీ కలిస్తేనే గ్రామం. వీటిలో దాదాపు ప్రతిదానికీ ఒక పేరుంటుంది. ఆ పేర్లలో చాలావరకు ఏ పటంలోనూ కనపడవు, సేద్యం చేసేవాళ్ల నోట్లోనే ఉంటాయి. చేను కౌలుకిచ్చి బెంగళూరుకో హైదరాబాదుకో పోయిన ఇంట్లో ఆ పేరు తర్వాతి తరానికి అందదు. సోలార్ పలకల కోసం గెట్లు చదును చేసిన చోట, రిజర్వాయర్ నీళ్లు నిలిచిన చోట ఇంకా తొందరగా పోతుంది. పేరు పోతే పాత ఊరి దిబ్బ ఎక్కడుందో, వీరగల్లు (పోరులో చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన రాయి) మునుపు ఏ గట్టున ఉండేదో చెప్పే ఆనవాలు కూడా పోతుంది. అందుకే పేర్లను ఒకరు, శిథిలాలను ఇంకొకరు వేర్వేరుగా రాయడం సరికాదు. రెండూ ఒకే పుస్తకంలో, ఒకే నడకలో రాయాలి. కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో ఇద్దరు ముగ్గురు కలిసి ఒక గ్రామాన్ని పూర్తి చేయడానికి పనికొచ్చే పద్ధతి ఇది.

ముందు కాగితాలు

తహశీల్దారు కార్యాలయంలో గ్రామపటం, ఎఫ్ఎంబీ (ఒక్కో సర్వే నంబరు కొలతల పటాల పుస్తకం), ఆర్ఎస్ఆర్ (ప్రతి సర్వే నంబరు నేల ఏ రకమో రాసిన పాత రిజిస్టరు) నకళ్లు తీసుకోండి. ఆర్ఎస్ఆర్‌లో ముందుగా చూడాల్సింది పోరంబోకు నంబర్లు. గుట్ట, వంక, కుంట, శ్మశానం, బాట, గ్రామనత్తం (ఇళ్ల స్థలం) అని రాసిన నంబర్లన్నీ ఒక కాగితం మీద వేరుగా దించుకోండి. నాగలి, ట్రాక్టరు తక్కువగా తిరిగిన నేల అదే కాబట్టి పాత రాళ్లు మిగిలుంటే ఎక్కువగా అక్కడే మిగులుతాయి. ఆ తర్వాత ఇనాం భూములు (ఊరి కొలువుకో గుడికో పూర్వం మాన్యంగా ఇచ్చినవి) చూడండి. 1956 ఇనాముల రద్దు చట్టంతో అవి రైత్వారీలోకి మారినా జనం ఇప్పటికీ కుమ్మరి మాన్యం, తలారి మాన్యం, దేవుని మాన్యం అనే అంటారు. దేవుని మాన్యం ఉండి గుడి కనపడకపోతే, ఆ గుడి ఏమైందో అడగాలని పక్కన రాసుకోండి.

రీసర్వే జరిగిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్పీ (ల్యాండ్ పార్సెల్) నంబర్లు వచ్చాయి. మీ పుస్తకంలో రెండూ ఉండాలి. పాత నంబరు లేకపోతే పాత రికార్డుతో, కొత్త నంబరు లేకపోతే ఇప్పటి రైతు పాసు పుస్తకంతో మీ వివరం కలవదు.

పాత జాబితాల్లో ఊరి కోసం వెతికేటప్పుడు చాలామంది జిల్లా దగ్గరే పొరబడతారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు 1953 దాకా బళ్లారి జిల్లాలో ఉండేవి కాబట్టి అక్కడి శాసనాలు పాత నివేదికల్లో బళ్లారి కింద ఉంటాయి. అనంతపురం జిల్లా కూడా 1882లోనే బళ్లారి నుంచి విడిపడింది. బనగానపల్లె 1948 దాకా సంస్థానం. నంద్యాల, శ్రీసత్యసాయి, అన్నమయ్య జిల్లాలు 2022లో వచ్చాయి. కాబట్టి ప్రతి ఊరికీ ఇప్పటి మండలంతో పాటు పాత తాలూకా, పాత జిల్లా కూడా రాయండి. భారత పురావస్తు సర్వేక్షణ శాసన విభాగం 1887 నుంచి వార్షిక నివేదికల్లో శాసనాలను ఊళ్లవారీగా చూపుతోంది. మీ ఊరి శాసనం అందులో ముందే ఎక్కి ఉంటే ఆ సంవత్సరం, సంఖ్య మీ పుస్తకంలోకి ఎక్కించండి. ముందే ఎక్కినంత మాత్రాన ఫొటో తీయకుండా వదిలేయకండి. ఆనాడు చదివిన రాయి ఈనాడు ఏ స్థితిలో ఉందో చెప్పడం కూడా నమోదే.

సర్వే అధికారి కాలిన్ మెకంజీ దొర మనుషులు 19వ శతాబ్దం మొదట్లో దత్తమండలాల్లో (నిజాం ఇంగ్లీషువాళ్లకు అప్పగించిన ఈ సీమ జిల్లాల్లో) ఊరూరా కరణాల దగ్గర రాయించిన కైఫీయత్తులు, అంటే ఊరి చరిత్ర వివరాలు, మనకు పెద్ద ఆస్తి. వాటిలో ఊరి పొలిమేరలు, చెరువులు, పాడుబడిన పల్లెలు పేర్లతో సహా దొరుకుతాయి. కడపలోని సి.పి.బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం కడప జిల్లా కైఫీయత్తులను సంపుటాలుగా అచ్చువేసింది. మీ ఊరి కైఫీయత్తు దొరికితే అందులోని పేర్లన్నీ ఒక జాబితాగా రాసుకోండి. కానీ ఊళ్లో అడిగేటప్పుడు ఆ జాబితా చదివి వినిపించొద్దు. ముందు వాళ్లు చెప్పినవి రాసుకుని, పోల్చడం తర్వాత చేయండి.

ఎవరిని, ఎలా అడగాలి

పేర్లు ఎక్కువగా తెలిసినవాళ్లు గొర్రెల కాపర్లు. గుట్టలోని ప్రతి దొనకు (బండల్లో నీళ్లు నిలిచే గుంటకు), ప్రతి బండకు వాళ్ల దగ్గర పేరుంటుంది. చెరువు కింద మడుల పేర్లు, తూముల పేర్లు చెరువు నీళ్లు పారించే నీరుగంటికి తెలుస్తాయి. కలుపుకు, కోతకు పోయే ఆడవాళ్లకు చేన్ల పేర్లు భూస్వామి కంటే బాగా తెలుస్తాయి. రోజూ "ఈ పొద్దు ఏ చేన్లోకి?" అన్న మాటతోనే వాళ్ల పని మొదలవుతుంది మరి. రచ్చబండ దగ్గర నలుగురు పెద్దమనుషుల్ని అడిగి వచ్చేస్తే గ్రామంలో సగం పేర్లు మీకు అందవు.

ఇంట్లో కూర్చోబెట్టి అడిగితే పది పేర్లు చెప్పి ఆపేస్తారు. వాళ్లతో నడుస్తూ అడిగితే అడుగడుక్కీ గుర్తొస్తాయి. "అబ్బా, ఆ కనపడే మిట్టను ఏమంటారు?", "జేజీ, ఈ వంక దాటితే ఏం చేను?", "చిన్నాయనా, గొర్లు యాడ నీళ్లు తాగుతాయి?" లాంటి చిన్న ప్రశ్నలు వేయండి. "ఇది కృష్ణదేవరాయల కాలందేనా?" అని మాత్రం అడగకండి. అడిగితే అవుననే అంటారు. సీమలో పాత కట్టడమంటే రాయలవారికో పాలెగాళ్లకో, ఇంకా పాతదైతే పాండవులకో అంటగట్టడం మామూలే. వాళ్లంతట వాళ్లు ఆ మాట చెబితే చెప్పినట్టే రాయండి, కానీ "జనం చెప్పేది" అన్న గడిలో. మీరు కళ్లతో చూసింది ఇంకో గడిలో ఉండాలి. ఈ రెండూ కలిపి రాసిన నోట్సు పదేళ్ల తర్వాత ఎవరికీ పనికిరాదు.

పేరును తెలుగులోనే, విన్నది విన్నట్టే రాయండి. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ల, ళ తేడా, హ్రస్వ దీర్ఘాలు పోతాయి. రికార్డులో "పల్లి" అనీ ఊళ్లో "పల్లె" అనీ ఉంటే రెండూ వేర్వేరు గళ్లలో రాయండి, ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని దిద్దకండి. పేరును విడిగా ఒకసారి, వాక్యంలో ఒకసారి పలికించి ఫోన్లో రికార్డు చేయండి. "ఏరు" అన్నది "ఏట్లో" అయినప్పుడు, "బాయి" అన్నది "బాయికాడ" అయినప్పుడు పేరు ఎక్కడ విరుగుతుందో వాక్యంలోనే తెలుస్తుంది. ఒకే గుట్టను కాపర్లు ఒకటి, రైతులు ఒకటి అంటే రెండూ రాసి, ఎవరు ఏది అంటారో చూపండి. రాయదుర్గం, మడకశిర, ఆదోని వైపు కన్నడ పేర్లు, తాండాల్లో లంబాడీ పేర్లు, దర్గాల చుట్టూ ఉర్దూ పేర్లు వస్తాయి. వాటిని తెలుగు చేయకుండా పలికినట్టే తెలుగు లిపిలో పెట్టండి. కులం పేరుతో ఉన్న పాత పేర్లు కొన్ని ఇవాళ నొప్పించేవిగా ఉంటాయి. మూల పుస్తకంలో అవి ఉండాలి. బయటకిచ్చే జాబితాలో ఏం పెట్టాలన్నది మాత్రం ఆ వాడవాళ్లను అడిగి తేల్చండి.

చెప్పినవాళ్ల పేరు, ఫోన్ నంబరు అవసరం లేదు. వయసు సుమారుగా, చేసే పని, ఎన్నేళ్లుగా ఆ ఊళ్లో ఉంటున్నారు అన్నవి చాలు.

ఎప్పుడు నడవాలి

ఎర్రనేలల్లో వేరుశనగ పీకిన తర్వాత, నల్లరేగడిలో శనగ కోసిన తర్వాత నేల కనపడుతుంది. అన్నిటికంటే మంచి సమయం తొలకరి వాన పడి ఇంకా విత్తనం వేయని ఆ కొద్ది రోజులు. తుగ్గలి, జొన్నగిరి వైపు జనం వజ్రాల కోసం చేలల్లో వెతికేది అప్పుడే. వాన దుమ్మును కడిగేస్తుంది కాబట్టి కుండపెంకులు, చిట్టెం రాళ్లు (ఇనుము కరిగించగా మిగిలిన ముద్దలు) అప్పుడే రంగు తేలి కనిపిస్తాయి. నల్లరేగడిలో వాన పడిన మరునాడే దిగొద్దు. కాళ్లకు మట్టి పట్టి నడక సాగదు, రైతు చేనూ పాడవుతుంది.

వెంట ఉండాల్సినవి: గట్టి అట్ట పుస్తకం, పెన్సిలు, 30 మీటర్ల టేపు, 10 సెంటీమీటర్లకోసారి ఎరుపు తెలుపు రంగులు వేసిన మీటరు కర్ర, చిన్న వస్తువుల పక్కన పెట్టడానికి 10 సెంటీమీటర్ల కొలబద్ద, టార్చి, అద్దం, మెత్తటి బ్రష్షు, దుప్పటి, పవర్ బ్యాంకు. ఫోన్‌లో లొకేషన్ తెరిచి ఆరుబయట ఒక నిమిషం ఆగాకే అంకెలు రాసుకోండి. దశాంశం తర్వాత ఐదు అంకెలు ఉండాలి, అప్పుడు మీటరు దాకా స్పష్టత వస్తుంది. రెండంకెల దగ్గర ఆపేస్తే కిలోమీటరు తేడా వస్తుంది. సర్వే ఆఫ్ ఇండియా పాత టోపో పటాలు వేరే ఆధారం మీద గీసినవి. ఫోన్ అంకెలు వాటి మీద పెడితే వంద మీటర్ల అటూ ఇటూ జరిగి కనిపించవచ్చు, కంగారు పడొద్దు.

నేల మీద కనిపించేవి

పాటి. చేను పేరులో "పాటి" అని వినపడితే తప్పకుండా నడిచి చూడండి. పాడుబడ్డ ఊరి దిబ్బ అక్కడ ఉండే అవకాశం ఎక్కువ. పాటిమన్ను బూడిద కలిసి, చుట్టూ ఉన్న నేల కంటే మెత్తగా, లేత రంగులో ఉంటుంది. దిబ్బ ఎంతవరకు ఉందో తేల్చడానికి సులువైన పద్ధతి ఒకటుంది. దారంతో మీటరు చదరం చేసుకుని, దిబ్బ నడిమధ్య పెట్టి అందులోని పెంకులు లెక్కబెట్టండి. నాలుగు దిక్కులకూ 20 అడుగుల దూరానికోసారి అదే పని చేయండి. లెక్క సున్నాకు వచ్చిన చోట దిబ్బ అంచు. ఇక్కడ ఒక చిక్కుంది. పాటిమన్నును రైతులు ఎరువుగా బండ్లతో తోలుకుపోతారు. అందుకే దిబ్బకు దూరంగా ఉన్న చేలల్లో కూడా పెంకులు దొరుకుతాయి. అవి చిన్నవిగా, అంచులు అరిగి, పలచగా చెదిరి ఉంటే ఎరువుతో వచ్చినవనే అనుకోవాలి. పెద్ద ముక్కలు, కుండ మూతి అంచులు, పునాది రాళ్లు కలిసి ఉంటే ఊరు అక్కడే ఉండేది. లోపల నలుపు, బయట ఎరుపు ఉన్న పెంకులను కొలబద్దతో ఫొటో తీయండి. ఇనుపయుగం సమాధుల దగ్గర అవి ఎక్కువగా కనిపిస్తాయి. ఏరుకుని ఇంటికి తేవద్దు. చోటు నుంచి కదిలిన పెంకు ఏమీ చెప్పలేదు.

రాతి వలయాలు. ఇనుపయుగం సమాధుల చుట్టూ పేర్చిన గుండ్లు ఇవి. జనం రాక్షసగుళ్లు అనో పాండవగుళ్లు అనో అంటారు. చేన్లో ఏరి పోసిన రాళ్ల కుప్పతో వీటిని పోల్చి పొరబడటం ఎక్కువ. ఏరిన కుప్పలో చిన్నా పెద్దా రాళ్లు కలగలిసి, మట్టి పట్టకుండా వదులుగా ఉంటాయి. వలయంలో పెద్ద గుండ్లు వరుసగా, నేలలో పాతుకుని గుండ్రంగా ఉంటాయి. మధ్యలో నిలువుగా పాతిన పలక బండల అంచులు తేలి కనపడవచ్చు. ఉత్తర దక్షిణాలుగా, తూర్పు పడమరలుగా రెండు కొలతలు బయటి అంచు నుంచి బయటి అంచుకు తీసుకోండి. రాళ్ల సంఖ్య, పలకకు గుండ్రటి కంత ఉంటే అది ఏ దిక్కుకు ఉందో రాయండి.

బూడిద దిబ్బలు కొత్తరాతియుగపు పశువుల దొడ్లలో పేడ కాలి ఏర్పడ్డవి. కళ్యాణదుర్గం దగ్గర పాలవాయిలో తవ్వకాలు జరిగింది అలాంటి దిబ్బలోనే. కాలి గాజులా గట్టిపడిన ముక్కను చేత్తో పట్టుకుంటే తేలికగా, రంధ్రాలతో ఉంటుంది. ఇనుము కరిగించిన చిట్టెం అయితే బరువుగా, పైన కారి గడ్డకట్టిన చారలతో ఉంటుంది. రెండూ బూడిదరంగులోనే కనిపించినా బరువు చూస్తే తేడా తెలిసిపోతుంది.

వీరగల్లుల్లో కత్తో విల్లో పట్టిన వీరుడు, కొన్నిటిలో ఆవుల మంద, పైన అతన్ని స్వర్గానికి తీసుకుపోయే అప్సరసలు ఉంటారు. మోచేతి దగ్గర వంచి పైకెత్తిన, గాజులున్న చేయి కనిపిస్తే అది సతికల్లు, అంటే సహగమనం చేసిన ఆడమనిషి గుర్తుగా నిలిపిన రాయి. చాలా వీరగల్లులు గుడి గోడకో దారి మలుపుకో తరలి వచ్చినవే. "ఇది మొదటి నుంచీ ఈడనే ఉండిందా?" అని అడిగి పాత చోటు కూడా రాయండి. పసుపు, సిందూరం, ఆయిల్ పెయింటు పూసి పూజ చేస్తుంటే గీకొద్దు. పూత ఉందని రాసి, ఉన్నదున్నట్టు ఫొటో తీయండి.

చెరువులను తేలిగ్గా వదిలేస్తారు, అది పెద్ద లోటు. కట్ట పొడవు, తూముల సంఖ్య, ఒక్కో తూము పేరు, అలుగు దిక్కు రాయండి. తూము రాతి కంబాల మీద, అలుగు దగ్గర అక్షరాలు ఉన్నాయేమో వేసవిలో నీళ్లు తగ్గాక చూడండి. పోరుమామిళ్ల చెరువు శాసనం శక 1291 నాటిది. చెరువుకు కావలసిన 12 అంగాలు, తప్పించాల్సిన 6 దోషాలు చెప్పిన శాసనం అది. అలాంటిది మన నేల మీదే దొరికిందంటే చెరువు కట్టను ఎంత శ్రద్ధగా చూడాలో వేరే చెప్పక్కర్లేదు.

శాసనాన్ని ఫొటో తీయడం

కలమళ్లలో దొరికిన రేనాటి చోళరాజు ధనంజయుడి శాసనం సుమారు క్రీ.శ. 575 నాటిది, తెలుగులో దొరికిన తొలి శాసనాల్లో ఒకటి. ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. ఈ నేలలో కొత్త శాసనం దొరకడం వింత కాదు. దొరికినదాన్ని పాడు చేయకుండా ఫొటో తీయడమే ముఖ్యం.

రాయికి ఎదురుగా ఎండ పడితే అక్షరాలు కనపడవు. వెలుతురు పక్క నుంచి, రాతిని రాసుకుంటూ పోయేలా పడాలి. నేల మీద పరచుకున్న బండకు, ఉత్తరానికో దక్షిణానికో ముఖం పెట్టి నిలబడ్డ రాయికి పొద్దున ఏడు లోపో, సాయంత్రం ఐదు తర్వాతో ఎండ అలా పడుతుంది. మిట్టమధ్యాహ్నమే వెళ్లాల్సి వస్తే దుప్పటి కప్పి చీకటి చేసి, టార్చిని రాతి అంచుకు ఆనించినట్టు పట్టుకోండి. ఎడమ, కుడి, పైన, కింద నుంచి ఒక్కో ఫొటో తీయండి. ఎడమ వెలుతురులో కనపడని గీత పైవెలుతురులో తేలుతుంది. చెట్టు నీడలో ఉన్న రాయికైతే అద్దంతో ఎండను పక్క నుంచి మళ్లించండి. మొత్తం రాయి ఒక ఫొటో, తర్వాత పై నుంచి కిందికి ఒకదాని మీద ఒకటి మూడో వంతు కలిసేలా ముక్కలు, పక్కలు, వెనక. పైన సూర్యచంద్రులు, లింగం, ఆవు దూడ, కింద శాపం చెప్పే బొమ్మలు ఉంటే విడిగా తీయండి.

అక్షరాల్లో సుద్ద, ముగ్గుపిండి, బొగ్గు నింపొద్దు. నింపే మనిషి తనకు తోచిన గీతనే నింపుతాడు, పగులును కూడా అక్షరం చేస్తాడు. ఆ తర్వాత ఫొటో చూసేవాళ్లందరికీ ఆ తప్పే కనపడుతుంది. ఇనుప బ్రష్షు, యాసిడ్, నూనె దగ్గరికి రానివ్వొద్దు. పొడి మట్టిని మెత్తటి బ్రష్షుతో దులిపితే చాలు. తడి కాగితం అద్ది సిరాతో నకలు తీసే పని నేర్చినవాళ్లకే వదిలేయండి. "శకవర్షంబులు" తర్వాత అంకె చదవగలిగితే 78 కలపండి, క్రీస్తు శకం వస్తుంది. సంవత్సరం చివరి నెలలైతే 79. పక్కనే ప్రభవాది సంవత్సరం పేరుంటే దాంతో సరిచూడండి. చదవలేకపోతే వరుసల సంఖ్య రాసి ఊరుకోండి.

గుడికి జీర్ణోద్ధారణ మొదలవుతోందని తెలిస్తే మిగతా పని ఆపి ముందు అక్కడికి వెళ్లండి. సిమెంటు, టైల్సు, ఇసుకతో చేసే పాలిష్ కింద పోయిన అక్షరం మళ్లీ రాదు.

పుస్తకంలో ఒక వివరం ఎలా ఉండాలి

సంఖ్య 27. పేరు: పాటిచేను. వాడుక: "పాటిసేన్లో". రికార్డులో పేరు లేదు. పాత సర్వే నంబరు, ఎల్పీ నంబరు, లొకేషన్ అంకెలు. చోటు: ఊరి ఆంజనేయస్వామి గుడికి ఈశాన్యంగా సుమారు 1200 మీటర్లు, వంకకు ఎడమ గట్టు. నేల: ఎర్రనేల, నడుమ బూడిదరంగు. చూసింది: దిబ్బ 60 మీటర్లు, 45 మీటర్లు, నడిమధ్య చదరంలో 31 పెంకులు, పడమర 80 అడుగుల దగ్గర సున్నా. జనం చెప్పేది: గత్తర (కలరా) వచ్చి ఊరు లేచిపోయిందని (కాపరి, సుమారు 70 ఏళ్లు). ముప్పు: మట్టి తోలుతున్నారు. ఫొటోలు 27-1 నుంచి 27-9. చూసిన తేదీ.

ఒకసారి ఇచ్చిన సంఖ్యను కొట్టేసినా ఇంకోదానికి ఇవ్వొద్దు. ఏమీ దొరకని చోటు కూడా రాయండి: "కోటచేను, నడిచాం, ఏమీ కనపడలేదు". లేకపోతే తర్వాత వచ్చేవాళ్లు మీరు చూడలేదనుకుంటారు. కంప్యూటర్లో ఎక్కించేటప్పుడు యూనికోడ్‌లోనే టైపు చేయండి. అను ఫాంట్లలో చేసిన జాబితాలో పేరు వెతికితే దొరకదు. ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే లొకేషన్ ఊడిపోతుంది, నాణ్యత తగ్గుతుంది. డాక్యుమెంటుగా పంపండి.

గుప్తనిధుల బెడద, చట్టం

సీమలో నంది కొమ్ము విరిచినవాళ్లు, గర్భగుడి తవ్వినవాళ్లు ఎంతమందో. కాబట్టి అందరికీ కనపడేలా పెట్టే జాబితాలో పేరు, ఊరు చాలు. లొకేషన్ అంకెలు, సర్వే నంబరు మీ దగ్గరే ఉంచుకోండి. కాపలా లేని గుడి ఫొటోలు అక్కడి నుంచే ఫేస్‌బుక్‌లో పెట్టకండి. గునపం, పార వెంట ఉండకూడదు, ఒక్క రాయి కూడా తిరగేయకూడదు. నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నిధుల చట్టం చెబుతోంది. నాణేలు, విగ్రహాలు బయటపడితే ముట్టకుండా తహశీల్దారుకు చెప్పండి.

రైతుకు ఒక భయం ఉంటుంది: రాసుకుపోతే ప్రభుత్వం చేను తీసుకుంటుందేమోనని. ముందే అడగండి, మీరు రాసింది చదివి వినిపించండి, వద్దన్న చేన్లోకి పోకండి. ఒక ఇంట్లో అనుమానం పుడితే మరునాటికి ఊరంతా నోరు మూసుకుంటుంది.

నడక పూర్తయ్యాక జాబితా మొత్తం ఊళ్లో ఒకసారి గట్టిగా చదవండి. కాపర్లు, కూలికి పోయే ఆడవాళ్లు ఉండే పొద్దు చూసుకుని చదవాలి. తప్పు పలికిన పేరును అక్కడికక్కడే దిద్దుతారు, మీరు చూడని కుంటను గుర్తు చేస్తారు. దిద్దిన ప్రతిని నాలుగు నకళ్లు తీసి ఒకటి గ్రామ పంచాయతీకి, ఒకటి ఊరి బడికి, ఒకటి మండల గ్రంథాలయానికి, ఒకటి లొకేషన్ అంకెలతో సహా రాష్ట్ర పురావస్తు శాఖకు ఇవ్వండి. శాసనాల ఫొటోలను మైసూరులోని శాసన విభాగానికి కూడా పంపండి. పంచాయతీకి, బడికి, గ్రంథాలయానికి ఇచ్చే నకళ్లలో లొకేషన్ అంకెలు, సర్వే నంబర్లు ఉండకుండా చూసుకోండి.